నల్లమసి పచ్చబొట్టు ఎలా అవుతుంది?

మీ ఇంట్లో 80 ఏళ్ళు దాటిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఆవిడ ముంజేతిని ఒకసారి పరిశీలనగా చూడండి. తేలు బొమ్మో, తులసికోటో, నాలుగు చుక్కల ముగ్గో కనిపించవచ్చు. దాని రంగేమిటని అడిగితే ఎవరైనా పచ్చ అనో, నీలం కలిసిన పచ్చ అనో అంటారు. దాని పేరే పచ్చబొట్టు గదా! కాని అది పొడిచిన నాడు వాడిన పదార్థం దీపం మసి. మసి నల్లగా ఉంటుంది. చర్మంలోకి వెళ్ళిన నలుపు బయటికి పచ్చగా ఎందుకు కనిపిస్తోంది?

మసిలో ఆకుపసరు కలిపేవారు కాబట్టి ఆ పచ్చదనం వచ్చిందని కొందరంటారు. ఇది నిజం కాదు. ఆకుపసరులోని పత్రహరితం చర్మంలో ఏళ్ళ తరబడి నిలిచే పదార్థం కాదు. అసలు కారణం కాంతిలో ఉంది. తెల్లని కాంతి చర్మంమీద పడినప్పుడు అందులోని ఎరుపు కిరణాలు లోతుకు చొచ్చుకుపోతాయి. నీలం కిరణాలు అంత దూరం పోలేవు. చర్మంలోని సన్నని పోగులకు తగిలి దారిలోనే చెదిరి, చాలావరకు వెనక్కి తిరిగి వస్తాయి. లోతుకు పోయిన ఎరుపును అక్కడున్న మసి మింగేస్తుంది. ఇక మన కంటికి చేరే కాంతిలో ఎరుపు తక్కువ, నీలం ఎక్కువ. దానికి మన చర్మంలోని గోధుమ, పసుపు ఛాయలు తోడై నీలం కాస్తా పచ్చవైపు మొగ్గుతుంది. చేతిమీద నరాలు నీలంగా కనిపించడానికీ, పుట్టిన బిడ్డల నడుంమీద నీలి మచ్చలు కనిపించడానికీ చాలావరకు ఇదే కారణం. ఆ మచ్చల్లో నీలం రంగు పదార్థమేదీ లేదు. లోతున ఉన్న మెలనిన్ అలా కనిపిస్తుంది, అంతే.

నలుపు పచ్చగా కనిపిస్తోందంటే అది చర్మం పైపొరలో లేదనీ, కొంత లోతున ఉందనీ అర్థం. పచ్చబొట్టు జీవితాంతం నిలవడానికీ, దానివల్ల వచ్చే చిక్కులకూ, దాన్ని తీసేయడంలో ఉన్న కష్టానికీ మూలం ఈ లోతే.

సూది ఎంత లోతుకు పోవాలి?

చర్మంలో ముఖ్యంగా రెండు పొరలున్నాయి. పైన బాహ్యచర్మం. శరీరంలో చాలాచోట్ల దాని మందం మిల్లీమీటరులో పదోవంతు మించదు. దాని అడుగు భాగంలో కొత్త కణాలు పుడుతూ పైకి జరుగుతూ, చివరికి పొట్టుగా రాలిపోతుంటాయి. నెల, నెలన్నరలో పొర మొత్తం మారిపోతుంది. గోరింటాకు రంగు ఈ పొర పైభాగాన్నే పట్టుకుంటుంది కాబట్టి రెండు మూడు వారాల్లో పోతుంది. దాని కింద ఉన్నది అంతశ్చర్మం. రక్తనాళాలు, నాడులు, కొల్లాజెన్ పోగులు ఉండే ఈ పొర అలా రాలిపోదు. పచ్చబొట్టు సిరా చేరవలసింది ఇక్కడికే. అంటే సూది 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోతుకు దిగాలి. అంతకన్నా పైన ఆగితే బొమ్మ వెలిసిపోతుంది. ఇంకా కిందికి, కొవ్వు పొరలోకి దిగితే సిరా నాలుగు పక్కలకీ పాకి గీత చుట్టూ నీలిమేఘంలా మసక కమ్ముతుంది. నగరాల్లోని టాటూ కళాకారులు దీన్ని బ్లోఅవుట్ అంటారు. దీన్ని సరిదిద్దడం చాలా కష్టం.

మణికట్టు లోపలివైపు చర్మం పలచన. వీపుమీద మందం. ముసలివారి చర్మం కాగితంలా ఉంటుంది. చేయి తిరిగిన మనిషి ఎడమచేత్తో చర్మాన్ని బిగలాగి పట్టుకుని, కుడిచేతికి తగిలే ప్రతిఘటనను బట్టి లోతును అంచనా వేస్తాడు. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. కొత్తగా నేర్చుకునేవారు మనుషుల జోలికి వచ్చే ముందు కృత్రిమ చర్మంమీద నెలల తరబడి సాధన చేసేది ఇందుకే.

సూదిని ఇంజెక్షన్ సూది అనుకోకండి. దానికి రంధ్రం ఉండదు. కొన్ని సన్నని సూదులను కట్టగా అతికిస్తారు. వాటి మధ్య సందుల్లో సిరా, కుంచె వెంట్రుకల మధ్య రంగు నిలిచినట్లుగా నిలుస్తుంది. గీతలకు మూడో ఐదో సూదుల గుండ్రని కట్ట, నీడలు అద్దడానికి వరసగా పేర్చిన వెడల్పు కట్ట. యంత్రం ఈ కట్టను సెకనుకు సుమారు 100 సార్లు పైకీ కిందికీ ఆడిస్తుంది. సూది దిగిన ప్రతి రంధ్రంలోకీ కొంచెం సిరా పీల్చుకుపోతుంది.

ఈ యంత్రం పుట్టుక కొంచెం విచిత్రంగా ఉంటుంది. కాగితంమీద సన్నని రంధ్రాలు పొడుస్తూ రాసే విద్యుత్ కలానికి థామస్ ఎడిసన్ 1876లో పేటెంటు తీసుకున్నాడు. ఆ కాగితాన్ని అచ్చుగా వాడి ఒకే ఉత్తరానికి అనేక నకళ్ళు తీయవచ్చు. ఆఫీసుల్లో అది ఎక్కువ కాలం నిలవలేదు. కాని న్యూయార్కులో పచ్చబొట్లు వేసే శామ్యూల్ ఓరెయిలీ అదే పద్ధతిని ఆధారం చేసుకుని, 1891లో మొట్టమొదటి విద్యుత్ పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందాడు.

యంత్రం లేని కాలానికి వెళ్తే కథ చాలా వెనక్కి పోతుంది. ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని మంచుకొండల్లో 1991లో బయటపడిన ఓట్జీ అనే మంచుమనిషి సుమారు 5,300 ఏళ్ళ నాటివాడు. అతని శరీరంమీద 61 పచ్చబొట్టు గుర్తులు లెక్కపెట్టారు. గీతలు, అడ్డగీతలు తప్ప బొమ్మలు లేవు. అవి చాలావరకు నడుము, మోకాలు, చీలమండ వంటి చోట్ల ఉన్నాయి. నొప్పులకు చికిత్సగా వేసినవేమోనని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. అక్కడ వాడినదీ మసే! మన ప్రాంతంలో ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచిన వారిలో ఎరుకల స్త్రీలు ముఖ్యులు. సూదులు, మసి, పసరు తప్ప వేరే సరంజామా ఉండేది కాదు. పొడుస్తున్నంతసేపూ పాట పాడుతూ పిల్ల ధ్యాస మళ్ళించేవారు. నొప్పి తగ్గించే మందులేవీ లేని రోజుల్లో ఆ పాటే మందు.

మింగిన రంగు ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. శరీరంలోకి ముల్లు గుచ్చుకుంటే శరీరం దాన్ని బయటికి నెట్టేదాకా ఊరుకోదు. మరి లక్షల కొద్దీ రంగు రేణువుల్ని 60 ఏళ్ళపాటు ఎలా సహిస్తోంది?

సహించడం లేదు. సూది దిగిన క్షణంనుంచే రోగనిరోధక వ్యవస్థ మేలుకుంటుంది. చర్మం ఎర్రబడి వాస్తుంది. మాక్రోఫేజులు అనే మహాభక్షక కణాలు అక్కడికి చేరి రేణువుల్ని మింగేస్తాయి. బాక్టీరియా అయితే మింగి అరిగించుకునేవి. కాని మసిని అరిగించుకునే ఎంజైములు మన శరీరంలో లేవు. పెద్ద రేణువుల్ని మోసుకుపోవడమూ వాటికి చేతకాదు. కాబట్టి మింగింది మింగినట్లు కడుపులో ఉంచుకుని అక్కడే ఉండిపోతాయి. మీరు చూసే పచ్చబొట్టు చాలావరకు ఈ కణాల కడుపులోని రంగే.

ఆ కణం శాశ్వతంగా బతుకుతుందని చాలాకాలం అనుకున్నారు. 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ రోగనిరోధక శాస్త్ర కేంద్రంలో సాండ్రీన్ ఆన్రీ, బెర్నార్ మాలిస్సెన్ బృందం ఎలుకలమీద చేసిన ప్రయోగంతో ఈ నమ్మకం తప్పని తేలింది. ఎలుకల తోకలమీద ఆకుపచ్చ రంగుతో పచ్చబొట్టు వేశారు. తరవాత ఆ మహాభక్షక కణాల్ని మాత్రమే ఎంపిక చేసి చంపారు. బొమ్మ మాయం కావాలి గదా? కాలేదు, వెలిసిపోవడం కూడా జరగలేదు. చచ్చిన కణంనుంచి జారిపడిన రంగును పక్కనే పుట్టిన కొత్త కణం మింగేసింది. పచ్చబొట్టు ఉన్న చర్మాన్ని కోసి మరో ఎలుకకు అతికించి చూస్తే, కొన్ని వారాలకు ఆ రంగు చాలావరకు కొత్త ఎలుక కణాల్లోకి చేరింది. ఇల్లు అదే, కాపురముండేవారు మాత్రం మారుతుంటారు. పాతబడిన కొద్దీ గీతలు ఎందుకు లావెక్కుతాయో కూడా దీన్నిబట్టి ఊహించవచ్చు. చేతులు మారిన ప్రతిసారీ కొద్దిపాటి రంగు అటూ ఇటూ జరిగే అవకాశం ఉంది.

అన్ని రేణువులూ అక్కడే ఉండవు. మరీ చిన్నవి శోషరసంలో కలిసి దగ్గర్లోని శోషరస గ్రంథులకు, అంటే జ్వరమొచ్చినప్పుడు చంకలోనూ గజ్జల్లోనూ మనం బిళ్ళ కట్టిందనే చోటికి చేరతాయి. మరణించినవారి చర్మాన్నీ గ్రంథుల్నీ ఫ్రాన్సులోని గ్రెనోబుల్ సింక్రోట్రాన్ కేంద్రంలో ఎక్స్ కిరణాలతో పరీక్షించిన ఒక జర్మన్, ఫ్రెంచి బృందం 2017లో ఈ ప్రయాణాన్ని స్పష్టంగా చూపించింది. చేతిమీద పెద్ద పచ్చబొట్టు ఉన్నవారికి చంకలోని గ్రంథి కోసి చూస్తే నల్లగా ఉంటుంది. సంగతి తెలియని డాక్టరు దాన్ని చర్మ కాన్సరు పాకిన గుర్తుగా పొరబడే ప్రమాదముంది. మీకెప్పుడైనా అలాంటి ఆపరేషను అవసరమైతే పచ్చబొట్టు సంగతి ముందే చెప్పండి, అది ఎంత పాతదైనా సరే.

గ్రంథుల్లో చేరిన రంగు అక్కడ ఏం చేస్తుంది? స్వీడన్ పరిశోధకులు 11,905 మందిని పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, పచ్చబొట్టు ఉన్నవారికి లింఫోమా అనే శోషరస వ్యవస్థ కాన్సరు వచ్చే అవకాశం లేనివారికంటే 21 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ అంకె పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. 100 మందిలో 21 మందికి కాన్సరు వస్తుందని దీని అర్థం కాదు. లింఫోమా అరుదైన జబ్బు. అరుదైనదానిమీద అయిదోవంతు పెరిగినా అది అరుదుగానే ఉంటుంది. పైగా అదే అధ్యయనంలో పచ్చబొట్టు పెద్దదైనకొద్దీ ప్రమాదం పెరిగినట్లు కనిపించలేదు. రంగే కారణమైతే ఎక్కువ రంగుకు ఎక్కువ ప్రమాదం కనిపించాలి. కాబట్టి దీన్ని రుజువుగా కాక, ఇంకా వెతకవలసిన అనుమానంగా తీసుకోవడం సబబని నాకనిపిస్తుంది.

సీసాలో ఏముంది?

నలుపు సిరా ఇప్పటికీ మసే. పేరు మాత్రం కార్బన్ బ్లాక్. తెలుపు టైటానియం డయాక్సైడు, మన గోడల సున్నానికి బదులు వచ్చిన తెల్ల పెయింటులో ఉండేదే. గోధుమ రంగులు ఇనుప ఆక్సైడులు. నీలం, ఆకుపచ్చలకు రాగి కలిసిన థాలోసయనిన్లు, ఎరుపు, పసుపులకు ఎక్కువగా అజో రంగులు. వీటిలో చాలా వాటిని తయారుచేసింది మనిషి చర్మం కోసం కాదు, కార్లకు వేసే పెయింట్లకూ, అచ్చు సిరాలకూ, ప్లాస్టిక్కులకూ! అవి పచ్చబొట్టు పరిశ్రమలోకి వచ్చింది గట్టిగా నిలుస్తాయనే.

అన్నిటిలోకీ చిక్కు తెచ్చేది ఎరుపు. పూర్వం ఎరుపుకు పాదరసం కలిసిన ఇంగిలీకం వాడేవారు. దాన్ని మానేసి అజో రంగుల్ని తెచ్చినా ఎలర్జీల్లో ఎరుపుదే మొదటి స్థానం. నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక బొమ్మలో ఎర్రగా ఉన్న మేరకే చర్మం ఉబ్బి, దురదపెట్టి, గట్టిపడుతుంది. పక్కనున్న నలుపు మామూలుగానే ఉంటుంది. అంటే ఎరుపు గులాబీకి నల్ల ఆకులుంటే పువ్వు మాత్రమే లేచి నిలబడుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకో లేజరుకో అజో రంగులు విరిగి ఆరొమాటిక్ ఎమీన్లు అనే పదార్థాలు పుట్టవచ్చు. వాటిలో కొన్ని కాన్సరు కారకాలు. ఇలాంటి కారణాలతోనే యూరోపియన్ యూనియన్ పచ్చబొట్టు సిరాల్లో 4,000కు పైగా పదార్థాలపై 2022 జనవరి 4 నుంచి ఆంక్షలు పెట్టింది. నీలం 15:3, ఆకుపచ్చ 7 అనే రెండు ముఖ్యమైన రంగులకు బదులు రంగులు వెతుక్కోవడానికి మరో ఏడాది గడువిచ్చి, 2023 జనవరి నుంచి వాటినీ ఆపింది. కాబట్టి సీసామీద తయారీదారు పేరు, బాచ్ నంబరు, గడువు తేదీ, రంగుల సూచిక సంఖ్యలు ఉన్నాయా అని అడగడం మీ హక్కు. ఏమీ రాయని సీసాలోంచి వచ్చే సిరాను చర్మంలోకి ఎక్కించుకోవద్దు.

తిరునాళ్ళలో వేసే నల్ల గోరింటాకు గురించి ఒక్క మాట. గోరింటాకుకు నలుపు రాదు. త్వరగా, నల్లగా పండుతుందంటే అందులో జుట్టుకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం కలిపి ఉండవచ్చు. పిల్లల చేతులు బొబ్బలెక్కడమేగాక, జీవితాంతం తలరంగులు పడని ఎలర్జీ మిగలవచ్చు.

సూదికన్నా నీళ్ళు ప్రమాదం

పచ్చబొట్టు అంటే ఒక్క పోటు కాదు. వేల కొద్దీ రంధ్రాలున్న గాయం. ప్రతి రంధ్రమూ రక్తనాళాల దాకా తెరిచిన తలుపే. జాతరలో చెట్టుకింద కూర్చున్న మనిషి ఒకే సూదితో, ఒకే గిన్నెలోని సిరాతో వరసగా 20 మందికి వేశాడనుకోండి. వారిలో ఒకరికి హెపటైటిస్ బి ఉన్నా తరవాతివారి గతేమిటి? ఆ వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. సూదిని గుడ్డతో తుడవడం, దీపంలో వెచ్చబెట్టడం, డెట్టాలు నీళ్ళలో ముంచడం నమ్మదగ్గ శుద్ధి పద్ధతులు కావు. హెపటైటిస్ సి, హెచ్ఐవి కూడా ఈ దారిన రాగలవు. సూది కొత్తదై, సీలు మీ కళ్ళముందే విప్పాలి. మళ్ళీ వాడే లోహపు పిడిని ఆటోక్లేవులో, అంటే 121 డిగ్రీల ఆవిరిలో చదరపు అంగుళానికి 15 పౌన్ల పీడనం కింద శుద్ధి చేయాలి. ఇంట్లోని ప్రెషర్ కుక్కరు దానికి బదులు కాదు.

హెపటైటిస్ బి కి టీకా ఉంది. మన దేశంలో ఈ టీకాను సార్వత్రిక కార్యక్రమంలో దేశమంతటికీ విస్తరించింది 2011లో. అంతకుముందు పుట్టినవారిలో చాలామందికి అది పడి ఉండదు. పచ్చబొట్టు వేయించుకోవాలనుకునే యువతీయువకులు ముందు ఆ 3 మోతాదులూ పూర్తిచేసుకుంటే నిశ్చింత. మొదటి డోసుకూ మూడో డోసుకూ మధ్య 6 నెలలుంటుంది. నిర్ణయం గురించి ఆలోచించుకోవడానికి అది మంచి గడువు కూడా.

సూది కొత్తదైతే చాలనుకోవద్దు. 2011 చివర్లో అమెరికాలోని రోచెస్టర్ నగరంలో 19 మందికి పచ్చబొట్టు వేసిన చోట మొండి దద్దుర్లు లేచాయి. అందరికీ వేసింది ఒకే కళాకారుడు. శుభ్రతలో లోపం లేదు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, అతను వాడిన బూడిదరంగు సిరా ఫాక్టరీనుంచి వచ్చేటప్పటికే కలుషితమై ఉంది. విప్పని సీసాల్లో కూడా మైకోబాక్టీరియం కెలోనే అనే సూక్ష్మజీవి దొరికింది. క్షయ బాక్టీరియాకు బంధువైన ఈ జీవి నీళ్ళలో హాయిగా బతుకుతుంది. మామూలు యాంటీబయాటిక్కులకు లొంగదు. నలుపును పలచన చేస్తేనే బూడిదరంగు వస్తుంది. పలచన చేయడానికి వాడే నీళ్ళే ఇలాంటి చోట్ల అనుమానించవలసినవి. మీ ముందున్న మనిషి కుళాయి నీళ్ళో, క్యాను నీళ్ళో సిరాలో కలుపుతుంటే మొహమాటపడకుండా లేచి వచ్చేయండి. శుద్ధిచేసిన నీళ్ళ సీసా ఖరీదు ఏమంత కాదు.

గాయం మానడానికి పైకి 2 నుంచి 4 వారాలు పడుతుంది. ఈలోగా చెరువులో, సముద్రంలో, ఈతకొలనులో దిగకూడదు. పచ్చబొట్టు వేయించుకున్న 5 రోజులకే మెక్సికో సింధుశాఖలో ఈతకు దిగిన ఒక యువకుడు సముద్రపు బాక్టీరియా సోకి చనిపోయిన ఉదంతం 2017లో వైద్య పత్రికలో వచ్చింది. అతనికి అప్పటికే కాలేయ వ్యాధి ఉంది. మనవాళ్ళు గాయమనగానే పసుపు అద్దుతారు. పొడి పసుపు శుద్ధిచేసిన పదార్థం కాదు, తెరుచుకున్న గాయంలో వేయవద్దు. తేలికపాటి సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, వారు చెప్పిన లేపనం పలచగా రాస్తే చాలు. పెచ్చు గిల్లితే ఆ మేరకు రంగూ ఊడివస్తుంది.

మంచి కళాకారుడు ముందు మీ చెవులు చూస్తాడు

ఈ వృత్తిలో నైపుణ్యం సగం చేతిలో ఉంటే మిగతా సగం వద్దని చెప్పడంలో ఉంది. కుర్చీలో కూర్చోగానే సూది తీసేవాడికన్నా, పావుగంట ప్రశ్నలు వేసేవాడు నమ్మదగినవాడు. మన దేశంలో చాలామందికి చిన్నప్పుడే చెవులు కుట్టిస్తారు. కుట్టిన చోట గట్టిగా, గుండ్రంగా కండ పెరిగి ఉంటే దాన్ని కీలాయిడ్ అంటారు. గాయం మానడంలో శరీరం అతి చేసే స్వభావానికి అది గుర్తు. నల్లని, గోధుమ ఛాయ చర్మాల్లో ఇది తెల్ల చర్మాలకంటే ఎక్కువ. అలాంటివారికి ఛాతీమీదా, భుజంమీదా పచ్చబొట్టు వేస్తే బొమ్మ మొత్తం తాడులా ఉబ్బవచ్చు. చెవి తమ్మెను చూసి ఈ సంగతి పసిగట్టడం ఖర్చులేని పరీక్ష.

బొల్లి, సోరియాసిస్ ఉన్నవారికి ఇంకో చిక్కు. చర్మానికి గాయమైన చోటల్లా కొత్త మచ్చ పుట్టే గుణం ఈ జబ్బులకుంది. దీన్ని కోబ్నర్ లక్షణం అంటారు. మచ్చ కప్పుకుందామని వేయించుకున్న పచ్చబొట్టు చుట్టూ కొత్త మచ్చ రావచ్చు. అయితే జబ్బు ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్నవారికి చర్మవైద్యులు చర్మపు ఛాయగల రంగుతో బొల్లి మచ్చల్ని కప్పే పద్ధతి ఉంది. తేడా ఏమిటంటే జబ్బు నిలకడగా ఉందో లేదో వాళ్ళు చూసి చేస్తారు. రేడియేషను చికిత్సలో కిరణాలు రోజూ ఒకేచోట పడడానికి కాన్సరు ఆస్పత్రుల్లో పెట్టే చిన్న చుక్క కూడా పచ్చబొట్టే అని మీకు తెలుసా?

అదుపులో లేని చక్కెర జబ్బు, రక్తం పలచబడే మందులు, గర్భం, తగ్గిన రోగనిరోధక శక్తి ఉంటే వాయిదా వేయాలి. పుట్టుమచ్చమీద వేయకూడదు. మచ్చ కాన్సరుగా మారుతున్నా కనిపించదు. ఖాళీ కడుపుతో వస్తే భోంచేసి రమ్మనాలి, లేకపోతే సగంలో కళ్ళు తిరుగుతాయి. 18 ఏళ్ళు నిండనివారికి వేయనని చెప్పగలగాలి. ఇంకొకటి: 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం పచ్చబొట్టు వేయించుకున్నాక 12 నెలలపాటు రక్తదానం చేయకూడదు. మీది అరుదైన గ్రూపు రక్తమైతే ఇదీ ఆలోచించవలసిన విషయమే.

తెలుగు అక్షరాలు వేయించుకునేవారికి ప్రత్యేకంగా చెప్పాలి. మన లిపి గుండ్రనిది. కళ్ళు, సున్నలు, వత్తులు ఎక్కువ. పదేళ్ళలో గీత లావెక్కితే ముందు మూసుకుపోయేవి ఈ ఖాళీలే. ఠ లోపలి చుక్క చుట్టూ చోటు చాలకపోతే అదొక నల్ల బిళ్ళ అవుతుంది. తలకట్టు అంటుకుందంటే ప కాస్తా వ అవుతుంది. పావని అనే పేరు వావని అయితే ఎవరిని అడుగుతారు? మణికట్టుమీద బియ్యపు గింజంత అక్షరాలు అడిగితే, కనీసం చిటికెనవేలి గోరంత పెద్దవిగా వేయించుకోమని సలహా ఇచ్చేవాడు మీ మేలు కోరేవాడు. కంప్యూటరు అచ్చులో వత్తు విడిపోయి పక్కన పడడం మామూలే. తెలుగు రాని కళాకారుడు దాన్ని అలాగే దించేస్తాడు. కాబట్టి చర్మంమీద అచ్చు అంటించగానే అద్దంలో కాక, తెలుగు చదవగల ఇంకొకరి చేత బిగ్గరగా చదివించండి. ఆ దశలో తుడిస్తే పోతుంది.

ఉద్యోగం, లేజరు

పచ్చబొట్టు తీయించుకోవడానికి చర్మవైద్యుల దగ్గరికి వచ్చేవారిలో ప్రేమ చెడినవారొక్కరే ఉండరు. సైన్యానికీ, పోలీసు దళాలకూ దరఖాస్తు పెట్టిన పల్లెటూరి కుర్రవాళ్ళూ ఉంటారు. కేంద్ర సాయుధ దళాల కానిస్టేబుల్ నియామక ప్రకటనల్లో నిబంధన స్పష్టంగా ఉంటుంది: మతచిహ్నాలు, పేర్ల వంటి సంప్రదాయ పచ్చబొట్లకు అనుమతి ఉంది, కాని సెల్యూట్ చేయని ఎడమచేతి ముంజేయి లోపలివైపునో, చేతుల పైభాగానో మాత్రమే, అదీ ఆ భాగంలో నాలుగోవంతు మించకుండా. పరుగులో, రాతలో నెగ్గిన కుర్రవాడు పదహారేళ్ళప్పుడు జాతరలో కుడిచేతిమీద వేయించుకున్న హీరో బొమ్మవల్ల వైద్యపరీక్షలో ఆగిపోవడమంటే ఎంత అన్యాయమో ఆలోచించండి. అలాంటి ఉద్యోగాలమీద ఆశ ఉన్నవారు ముందు ఆ ఏటి ప్రకటన తెప్పించుకుని చదవాలి. కళాకారుడు కూడా పాతికేళ్ళలోపు వారిని ఈ ప్రశ్న అడిగి తీరాలి.

తీసేయడం వేయడమంత సులువు కాదు. ఏ రంగు ఏ కాంతిని పీల్చుకుంటుందో ఆ కాంతిని, రేణువు చల్లబడేంత వ్యవధి కూడా ఇవ్వకుండా కొడితే చుట్టుపక్కల చర్మం కాలకుండా రేణువు మాత్రమే పగులుతుంది. ఈ సూత్రాన్ని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రతిపాదించారు. నేటి లేజర్ల మెరుపు నిడివి సెకనులో వందకోట్లోవంతుల్లో ఉంటుంది. కొన్నిటిలో అంతకన్నా తక్కువ. పగిలిన ముక్కల్ని మళ్ళీ మన మహాభక్షక కణాలే మింగుతాయి. కొన్ని శోషరసంలో కొట్టుకుపోతాయి, మిగిలినవాటికోసం ఇంకో విడత. విడతకూ విడతకూ మధ్య 6 నుంచి 8 వారాలు ఆగాలి. కాబట్టి పరీక్ష వచ్చే నెలనగా పరుగెత్తితే పని జరగదు, ఏడాది పైన పట్టవచ్చు.

మన చర్మంతో ఇంకో ఇబ్బంది ఉంది. లేజరుకు మసి నలుపూ, మెలనిన్ నలుపూ ఒకటే. 1,064 నానోమీటర్ల పరారుణ లేజరును మెలనిన్ తక్కువగా పీలుస్తుంది కాబట్టి ముదురు ఛాయ చర్మాల్లో నల్ల పచ్చబొట్టుకు అదే సురక్షితం. ఎరుపుకు కావలసింది 532 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి. దాన్ని మెలనిన్ బాగా పీలుస్తుంది, తెల్లమచ్చో నల్లమచ్చో మిగిలే ప్రమాదం ఎక్కువ. నీలం, ఆకుపచ్చలకు వేరే లేజర్లు కావాలి. అంటే మీ బొమ్మలో ఎన్ని రంగులుంటే తీయడం అంత కష్టం. ఏనాటికైనా తీయించుకునే అవకాశం ఉందనుకునేవారు నలుపుతోనే సరిపెట్టుకోవడం తెలివైన పని. అమ్మమ్మల మసి ఈ విషయంలో కూడా నయమే!

అన్నిటికంటే ఆశ్చర్యం తెలుపు సంగతి. తెల్లసిరా, చర్మపు ఛాయ సిరా, కనుబొమలకూ పెదవులకూ అద్దే సౌందర్యపు పచ్చబొట్ల సిరాల్లో టైటానియం డయాక్సైడో, ఇనుప ఆక్సైడో ఉంటుంది. లేజరు మెరుపు తగలగానే ఇవి క్షయకరణం చెందుతాయి. నాలుగు వాలెన్సీ ఉన్న టైటానియం మూడుకు దిగి నీలినలుపు అవుతుంది. ఎర్రని ఇనుప ఆక్సైడు కూడా ఇలాగే నల్లబడుతుంది. లేత గులాబీ పెదవులు క్షణంలో నల్లగా మారతాయి. అందుకే అనుభవమున్న వైద్యుడు ముందు ఆవగింజంత చోట ఒక్క మెరుపు కొట్టి కొన్ని వారాలు ఆగి చూస్తాడు. పచ్చబొట్టు పోగొడతామని సున్నమో, యాసిడో, జీడిగింజ నూనెతో చేసిన లేపనమో పూసేవారు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాటితో పోయేది చర్మం. దానికింద, మిల్లీమీటరు లోతున, రంగు చాలాసార్లు అలాగే ఉంటుంది. మీద కాలిన మచ్చ కూడా ఉంటుంది కాబట్టి, వైద్యపరీక్ష చేసే డాక్టరు రెండింటినీ రాసుకుంటాడు.